మిగిలిన వినికిడిని కాచుకొనుట



ఈ సభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మాకు జాబు వ్రాసినప్పుడు, ఏ వ్యాకరణమునుగూర్చియో, ఏ కావ్యమునుగూర్చియో ప్రసంగింతుమని తలంచియుందురు. 34 సంవత్సరములు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పి బ్రదికినవారము. మాకు వైద్యముతో నేమి పని యని మీలో కొందరనుకొనవచ్చును. మేము నేడు చెప్పబోవునది చెవికి చేయు శస్త్రచికిత్సనుగూర్చియు, ఆ సమయమున మిగిలియున్న వినికిడిని కాచుటకై వైద్యులిచ్చు మందునుగూర్చియు. మా కుడిచెవి వెనుక అంటియున్న యంత్రమును ముందువరుసలోని పిల్లలు ఇందాకటినుండి చూచుచునే యున్నారు. ఈ విషయము ప్రసంగించుటకు మాకుగల యధికారమేదో వారికి మీకంటె ముందే తెలిసినది.

2011వ సంవత్సరమున తొమ్మిదవ తరగతిలో జరిగిన సంగతి మొదట చెప్పవలెను. ఒక బాలుడు పద్యము చదువుచుండెను. 'శ' యనవలసినచోట 'స' యన్నాడని మేము వానిని నిలిపి మందలించితిమి. వాడు మఱల చదివెను. మఱల మందలించితిమి. మూడవసారి వానికి కన్నీరు వచ్చెను. అప్పుడు వెనుకబల్లమీది పిల్లయొకతె లేచి, "మాస్టారూ, వాడు సరిగ్గానే చదువుతున్నాడండీ" అనెను. తప్పు మా చెవిది. శ ష స లను మూడింటిని మేము ఒక్కటిగా వినుచుంటిమి. కొన్నాళ్లకు ఆ యొక్కటియు వినబడుట మానినది.

మన వ్యాకరణములలో అచ్చులకు ప్రాణములనియు, హల్లులకు ప్రాణులనియు పేళ్లు కలవు. మాకు ప్రాణములు మిగిలినవి, ప్రాణులు పోయినవి. అచ్చుల బలము చాలవరకు 1,000 హెర్ట్జ్‌లకు లోపలి మంద్రధ్వనులలో నుండును. ఊష్మముల యొరపిడి 3,000, 4,000 హెర్ట్జ్‌ల చెంతను, అంతకు పైనను తారధ్వనులలో నుండును. వయసు చేతను, పెద్ద చప్పుళ్ల చేతను మొదట చెడునవి ఈ తారధ్వనులే. మాకు మృదంగము వినబడుచుండెను, ఉఱుము వినబడుచుండెను, వంటయింటినుండి మా శ్రీమతి పిలిచిన పిలుపులో రాగము వినబడుచుండెను, మాట మాత్రము వినబడకుండెను. పరీక్షించి గీచిన పటములో 250 హెర్ట్జ్‌ల వద్ద 40 డెసిబెల్‌లు, 500 వద్ద 55, 1,000 వద్ద 80, ఆపైన 95 దాటినది. గీత దిగుడుబావి మెట్లవలె క్రిందికి పోయినది. వినికిడి యంత్రము పెట్టించుకొంటిమి. అది ఉన్న అచ్చులను పెద్దవి చేసినదే కాని, లేని హల్లులను తేలేకపోయినది.

ఇది ఎట్లు సంభవించునో తెలియవలెనన్నచో చెవిలోపలికి పోవలెను. కర్ణభేరికిని, మూడు చిన్న యెముకలకును ఆవల, నత్తగుల్లవలె రెండున్నర చుట్లకు మించి చుట్టుకొన్న యెముకగూడు ఒకటి కలదు. దానిని కర్ణావర్తమందురు. విప్పి చాచినచో దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు. మన చిటికెనవ్రేలిలో రెండు కణుపులంత. లోపల నీరు, నీటి నడుమ సన్నని పొర, పొరమీద రోమకణములు. ఈ పొరమీది యమరికను 1851లో ఇటలీదేశీయుడగు ఆల్ఫాన్సో కోర్టి వర్ణించెను. ఆ పొరమీద ధ్వనితరంగము ఎట్లు నడచునో కనుగొన్నందులకు బెకెషీ యను హంగరీదేశీయునికి 1961లో నోబెల్ బహుమానము లభించెను. గూటి ద్వారమునొద్దనున్న కణములు తారధ్వనులను, శిఖరముననున్నవి మంద్రధ్వనులను గ్రహించును. ఒక్కొక్క చెవిలో రోమకణములు సుమారు 15,000. కోడికి ఇవి చచ్చినచో మఱల మొలచును. మనుష్యునికి మొలవవు. కోటానుకోట్ల రక్తకణములను ప్రతిదినము పుట్టించు దేహము ఈ పదునైదువేలను మాత్రము ఒక్కసారియే యిచ్చి ఊరకుండుట మాకు వింతగా తోచును.

సుశ్రుతసంహిత యుత్తరతంత్రమున ఇరువదియెనిమిది కర్ణరోగములు చెప్పబడినవి, వానిలో బాధిర్యమొకటి. తెగిన చెవితమ్మెను అతుకుటలో సుశ్రుతుని నేర్పు లోకప్రసిద్ధము. అయినను ఈ నత్తగూటిలోనికి శస్త్రము పోనిచ్చుట మన ప్రాచీనులెఱుగరు. అన్నియు మన గ్రంథములలోనే యున్నవని చెప్పుట సంస్కృతము చదివినవారికి తగదని మా యభిప్రాయము.

రోమకణములు చచ్చినను వాని వెనుకనున్న శ్రవణనాడి తఱచుగా బ్రదికియుండును. ఆ నాడిని విద్యుత్తుతో నేరుగా మేల్కొల్పుటయే కాక్లియర్ ఇంప్లాంట్ చేయు పని. 1957లో పారిస్‌నగరమున జూర్నో, ఎయిరియెస్ అనువారు ఒక బధిరుని నాడియొద్ద తీగనుంచి ధ్వని వినిపింపజేసిరి. 1961లో అమెరికాలో విలియం హౌస్, 1978లో మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఆ పనిని ముందునకు కొనిపోయిరి. నేడు వాడుకలోనున్న తీగలమీద, తయారుచేసినవారినిబట్టి, 12 మొదలు 22 వఱకు విద్యుత్ స్థానములుండును. చెవి వెనుక యెముకను తొలిచి, గూటి ద్వారమునొద్దనున్న చిన్న గుండ్రని కిటికీగుండ ఆ తీగను లోనికి జొనుపుదురు.

మొదటి దినములలో ఏమియు వినబడనివారికే ఈ చికిత్స చేయుచుండిరి. తీగ పోయిన చెవిలో స్వతస్సిద్ధమగు వినికిడి నశించుననియే యెంచిరి. నశించుటకు అచ్చట ఏమియు లేదు గనుక విచారింపలేదు. 1999లో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడగు వాన్ ఇల్బర్గ్ మొదలగువారు, మాబోటివారికి మంద్రధ్వనులను చెవితోను, తారధ్వనులను తీగతోను వినిపింపవచ్చునని ప్రకటించిరి. నాటినుండి ఆ మిగిలిన కొంచెమునకు విలువ కలిగినది. తీగ పలుకును చెప్పును గాని, స్వరము యొక్క హెచ్చుతగ్గులను చక్కగా చెప్పలేదు. సంగీతమును అంతకంటెను చెప్పలేదు. మిగిలిన మంద్రము తోడైనచో గొంతును గుర్తుపట్టుటకును, నలుగురు మాటలాడుచోట ఒకరి మాటను వేఱుచేసికొనుటకును సాయపడును.

ఇంత తెలిసికొనక మునుపు మేమొక వైద్యశాలకు పోయితిమి. అచ్చటి వైద్యుడు మా పటము చూచి, "మీకు మిగిలిందే ఇంత. అది పోయినా నష్టమేముంది?" అని నవ్వెను. ఆయన దుష్టుడు కాడు, తొందరలో నుండెను, బయట నలువదిమంది కూర్చుండియుండిరి. కాని ఆ నవ్వు మాకు నేటికిని మఱపు రాలేదు. మృదంగమును, ఉఱుమును, శ్రీమతి పిలుపును ఆయన లెక్కలో 'ఇంత' మాత్రమే.

మఱొక పట్టణమున మఱొక వైద్యురాలిని చూచితిమి. ఆమె కాగితముమీద నత్తగుల్లను గీచి రెండుగంటలు మాకు పాఠము చెప్పెను. మేమొక్క విద్యార్థివలె వింటిమి. వినబడనిచోట ఆమె వ్రాసి చూపెను.

తీగ లోనికి పోవునప్పుడు చెవికి హాని రెండు విధములుగా కలుగును. మొదటిది తత్క్షణమే: తీగకొన సన్ననిపొరను చించవచ్చును, లోపలి యెముకయంచును విఱుచవచ్చును, రక్తమో యెముకపొడియో నీటిలో కలియవచ్చును. దీనికి మందు లేదు. శస్త్రవైద్యుని చేయియే మందు. హానోవర్ వైద్యుడగు లేన్‌హార్ట్ 1993లో ఈ మృదుశస్త్ర పద్ధతిని వివరించెను. లోపలి నీటిని పీల్చరాదు, తీగను త్రోయక మెల్లమెల్లగా జాఱనీయవలెను, రక్తమును లోనికి పోనీయరాదు. రెండవ హాని తరువాత వచ్చును. పరాయివస్తువు లోన చేరినదని దేహము కోపించును. వాపు పుట్టును, ఆ వాపులో పుట్టు విషపదార్థములచే దెబ్బతగులని రోమకణములు సయితము తమంత తాము చచ్చును. వారములు, మాసములు గడచినపిదప తీగచుట్టును మచ్చకండ పెరుగును; ఒక్కొకప్పుడు యెముకయే పెరుగును. అందుచేతనే, శస్త్రచికిత్స ముగిసిన దినమున నిలిచియున్న వినికిడి మూడు మాసములకో, సంవత్సరమునకో జాఱిపోవుట కలదు. చేతి నేర్పు మొదటి హానిని తప్పించును. రెండవదానికి మందు కావలెను.

ఆ మందు స్టిరాయిడ్. మన మూత్రపిండములమీదనుండు చిన్నగ్రంథులలో పుట్టు రసమునకు చుట్టమిది. 1948లో కార్టిసోన్‌ను కీళ్లవాతరోగులకు మొదట ఇచ్చిరి. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్ అను మువ్వురకు నోబెల్ బహుమానము వచ్చెను. చెవి శస్త్రచికిత్సలో డెక్సామెథసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, ప్రెడ్నిసొలోన్ అనునవి వాడుదురు. దేహము యొక్క కోపమును శాంతింపజేయుట వీని గుణము. వాపు తగ్గును, కణములు ఆత్మహత్యకు పూనుట తగ్గును, మచ్చకండ పలుచనగును.

అయితే మందు చెవిలోపలికి చేరుటయే కష్టము. మెదడునకు వలెనే లోపలిచెవికిని రక్తమునకును నడుమ ఒక యడ్డుగోడ కలదు. నరముగుండ ఇచ్చిన మందులో స్వల్పభాగమే దానిని దాటును. అందుచే కొందరు మధ్యచెవిలోనే మందు నింపి, గుండ్రని కిటికీ పొరగుండ అది లోనికి ఇంకునట్లు చేయుదురు. ఇందులోను ఒక చిక్కు కలదు. మేము దీనినిగూర్చి చాలనాళ్లు ఆలోచించితిమి. కిటికీనుండి ఇంకిన మందు ద్వారముచెంత దట్టముగా నుండి, పైకి పోనుపోను పలుచనగును. మాకు మిగిలిన వినికిడి యుండునది శిఖరమున! గర్భగుడిలోని దీపమును కాచుటకై సింహద్వారమున నీళ్లు చల్లినట్లున్నదే యని మేమంటిమి. ఆమె, "మంట మొదలయ్యేది ద్వారం దగ్గరే కదా మాస్టారూ" అనెను. తీగ చొచ్చుచోటనే గాయము, అచ్చటినుండియే వాపు ప్రాకుట. ఆ సమాధానము మాకు నచ్చినది. తీగపూతలోనే డెక్సామెథసోన్‌ను కలిపి, లోనుండి కొంచెము కొంచెముగా ఊరునట్లు చేసిన తీగలను కూడ మనుష్యులయందు వాడి చూచిరి. తీగకు ఎదురగు విద్యున్నిరోధము వానితో తగ్గినట్లు చెప్పిరి.

ఈ మందు తప్పక కాచునా? గినీపందులలో చేసిన ప్రయోగములు, కాచునని చాలవరకు చెప్పుచున్నవి. మనుష్యులలో చేసినవి అంత యేకకంఠముగా లేవు. ఒకచోట ఒక మందు, మఱొకచోట మఱొకటి; ఒకరు ఒక్కమోతాదు, మఱొకరు రెండువారములు; ఒకరి తీగ పొట్టిది, ఒకరిది పొడవైనది. కొందరు మేలు కంటిమనిరి, కొందరు భేదము లేదనిరి. అయినను వైద్యులు చాలమంది ఇచ్చుచునే యున్నారు. కొన్నినాళ్ల స్టిరాయిడ్ వలన కలుగు కీడు సామాన్యముగా స్వల్పము; పోయిన వినికిడి తిరిగిరాదు. ఈ రెండింటిని త్రాసున వేసి యిచ్చుచున్నారని మాకు తెలిసినది. అంకవన్నె ఆకారముగల చిన్నయెముక బిగిసిపోయినవారికి చేయు చికిత్సలో కూడ, 1956లో జాన్ షీ ప్రారంభించిన నాటినుండియు, ఇంచుమించు నూటికొకరికి ఆ చెవి పూర్తిగా చెడుట కలదు. అచ్చటను చెడుట మొదలైనట్లు కనబడినచో వైద్యులు స్టిరాయిడ్‌నే యాశ్రయింతురు.

మాకు కీడు స్వల్పము కాదు. పదునాలుగేండ్లుగా మధుమేహమున్నది. ఈ మందు రక్తములో చక్కెరను పెంచును. చక్కెర పెరిగినచో గాయము మానదు. గాయము చీము పట్టినచో తీగయే తీసివేయవలసి వచ్చును. ఒకదానిని కాచబోయి అన్నియు పోగొట్టుకొనునట్టి స్థితి. ఇది వినినప్పుడు మా శ్రీమతి వైద్యురాలితో, "అమ్మా, ఇప్పుడు మాట తెలియకపోయినా నా పిలుపుకి తిరిగి చూస్తున్నారు. రేపు అదీ పోతే?" అని యడిగెను. మేమామె పెదవులను చూచి ఆ మాటలు గ్రహించితిమి. ఆ ప్రశ్న మేము అడుగవలసినది. మాకు ధైర్యము చాలలేదు.

వైద్యురాలు ఇట్లనెను: "మందు వేస్తే నిలుస్తుందని మాట ఇవ్వలేనండీ. చేయి నెమ్మదిగా నడుపుతాను. మందు నరంలో ఒక్కసారి, కిటికీ దగ్గర కొంచెం వేస్తాను. మాత్రలు పద్నాలుగు రోజులు ఇచ్చేదాన్ని, మీకు ఐదు రోజులకి తగ్గిస్తాను. చక్కెర రోజుకి నాలుగుసార్లు చూడాలి. ఒప్పుకుంటారా?"

ఒప్పుకొంటిమి. న్యుమోకాకస్ టీకా ముందుగా వేయించిరి. తీగ పెట్టించుకొన్నవారికి మెదడుపొరల వాపు వచ్చు భయము ఇతరులకంటె కొంత హెచ్చు గనుక ఆ టీకాను ఎవరును మానరాదు. 2022లో శస్త్రచికిత్స జరిగెను. రెండవనాటి రాత్రి చక్కెర 340కి పోయెను. ఇన్సులిన్ ఇచ్చిరి. నిద్రపట్టక, మనస్సు ఊరక పరుగెత్తి, తెల్లవాఱు వఱకు శబ్దమంజరి ఆద్యంతము మనస్సులో వల్లించితిమి. అది స్టిరాయిడ్ చేయు చిత్రమని మఱునాడు నర్సు చెప్పినది. ఐదవనాడు మాత్రలు నిలిపిరి. గాయము చక్కగా మానినది.

ఇచ్చట ఒక మాట ప్రక్కగా చెప్పవలెను. చెవిని కాచు మందులున్నట్లే చెఱచు మందులును కలవు. క్షయరోగమునుండి లక్షలమందిని బ్రదికించిన స్ట్రెప్టోమైసిన్, దాని సోదరులగు కనామైసిన్, జెంటామైసిన్ అనునవి రోమకణములను చంపగలవు. కొన్ని కుటుంబములలో తల్లివైపునుండి సంక్రమించు ఒక లక్షణముచే కొద్దిపాటి మోతాదునకే చెవుడు వచ్చును. అర్బుదరోగమునకిచ్చు సిస్‌ప్లాటిన్ కూడ అట్టిదే. దాని దెబ్బనుండి పిల్లల చెవులను కాచుటకు సోడియం థయోసల్ఫేట్ అను మందును 2022లో అమెరికా ప్రభుత్వము అంగీకరించినది. కావున ఇంట పూర్వము ఎవరికైన సూదిమందు పిదప చెవుడు వచ్చియున్నచో, ఆ సంగతి వైద్యునికి మొదటనే చెప్పవలెను. కర్ణభేరికి రంధ్రమున్నవారు మందులషాపులో అడిగి తెచ్చిన చుక్కలను వేసికొనరాదు. కాచిన నూనె పోయు వారినిగూర్చి ఇక చెప్పనక్కఱలేదు. మా యింటను మా తల్లిగారు పోసియుండిరి.

మూడువారములకు యంత్రమును మేల్కొల్పిరి. మొదటి దినమున లోకమంతయు రేకుడబ్బాలో గులకరాళ్లు కదలించినట్లు వినబడెను. పటము మఱల గీచిరి. 250 హెర్ట్జ్‌ల వద్ద 40 ఉన్నది 45 అయినది. 500 వద్ద 55 ఉన్నది 65. ఆఱుమాసములకు 55, 75. తరువాత కదలలేదు. అనగా పాతిక పాళ్లో, మూడవవంతో పోయినది, తక్కినది నిలిచినది. ఇది మందు కాచినదా, ఆమె చేయి కాచినదా, పదునాలుగు దినములు మాత్రలు మ్రింగియున్నచో ఆ పోయినదియు నిలిచెడిదా? ఒక్కచెవికి రెండు చికిత్సలు చేసి చూచుట యెవ్వరికిని శక్యము కాదు. ఆమెను అడిగితిమి, ఆమెయు ఇదే చెప్పినది.

మా మనుమరాలు ప్రతి సాయంకాలమున తెరచాటున కూర్చుండి శ ష స లు చదువును. మేము పలకమీద వ్రాయుదుము. 'స'ను పదింట ఎనిమిదిసార్లు పట్టుదుము. 'శ'యు దాదాపు అంతే. 'ష' నేటికిని జాఱిపోవుచున్నది. మనుమరాలు తానే దానిని సరిగా పలుకుట లేదని మా యనుమానము. కాని 2011 నాటి సంగతి జ్ఞాపకమునకు వచ్చి నోరు మెదపము.

మన కుటుంబములలో పుట్టుకతో వినబడని శిశువులున్నారు. కేంద్రప్రభుత్వపు ఏడిఐపి పథకమునను, తెలుగునాట 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలోను ఈ శస్త్రచికిత్సకు చోటు కలదు. తల్లిదండ్రులు వ్యయమునుగూర్చి అడుగుదురు, యంత్రమునుగూర్చి అడుగుదురు. బిడ్డకు మిగిలియున్న వినికిడి యెంత, దానిని కాచుటకు ఏమి చేయుదురు, మందు ఎప్పుడు, ఎన్ని దినములు, టీకా వేసిరా యని అడుగుటకు జంకుదురు. ఏ వైద్యుడును దీనికి కోపింపడు. కోపించినచో మఱొకరియొద్దకు పొండు, మేమట్లే చేసితిమి.

మా యెడమచెవి యట్లే యున్నది. దానికిని చేయింపుమని పిల్లలు తొందరచేయుచున్నారు. వైద్యురాలు, వేచి చూడవచ్చుననినది. మేమింకను నిశ్చయింపలేదు.

సభానంతరమున మాతో మాటలాడగోరువారికి ఒక విన్నపము. భోజనశాలలో విస్తళ్ల సందడి నడుమ మాకు వినబడదు. ఆవరణలోని వేపచెట్టు క్రిందికి రండు. కుడిప్రక్కను కూర్చుండుడు, ఒకరి తరువాత ఒకరు మాటలాడుడు.